తాడు కింద నిప్పు

ఇంజనీరింగ్ విద్యార్థులు వెనకాల గోడకానుకుని నిలబడ్డారు. ముందు వరసలో నాలుగు కుర్చీలు ఖాళీగా కనిపిస్తున్నాయి. మాస్టారైతే అవి నిండేదాకా పాఠం మొదలుపెట్టేవారు కాదు. రండమ్మా, వచ్చి కూర్చోండి.

ఆయన పేరు ఆహ్వానపత్రంలో ఉంది, నా వెనక బ్యానర్ మీద ఉంది. నేను మాత్రం మాస్టారు అనే అంటాను. మూడు దశాబ్దాలు మెకానికల్ విభాగంలో పాఠాలు చెప్పి, ఒక్క పుస్తకమైనా రాయకుండా వెళ్ళిపోయిన మనిషి. మాకు ఆయన మిగిల్చి వెళ్ళింది ఒక ప్రశ్న. వైవాలో క్రేను గురించో, లిఫ్టు గురించో, బాయిలరు గురించో మేం గుక్క తిప్పుకోకుండా చెప్పేసి హమ్మయ్య అనుకునే సమయానికి, కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగేవారు: "ఇది నడిస్తే ఏమవుతుందో పుస్తకంలో ఉంది. ఆగితే ఏమవుతుందో నువ్వు చెప్పు."

ఉద్యోగంలో చేరాకగానీ ఆ ప్రశ్నకు జవాబు చెప్పే అవకాశం నాకు రాలేదు. వచ్చినప్పుడు చెప్పిందీ తప్పు జవాబే. ఆ సంగతి చెప్పి అసలు విషయంలోకి వెళ్తాను.

నా మొదటి ఉద్యోగం ఒక గనిలో. ఏటి ఒడ్డు నుంచి గని దాకా బకెట్లలో ఇసుక మోసే రోప్‌వే మీద నన్ను వేశారు. ఒక వేసవి మధ్యాహ్నం రెండు టవర్ల మధ్య ఎండుగడ్డి అంటుకుంది. మంట కనపడితే లైను ఆపాలని రూలు. ఆపేశాం. గడ్డి మంట ఎంతసేపు ఉంటుంది గనక! కానీ ఆ పక్కనే పడేసిన పాత కన్వేయర్ బెల్టు ముక్కలకు అది పాకింది. అవి ముప్పావు గంట కాలాయి. బకెట్లలో ఉన్నది ఇసుకే కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. మర్నాడు చూస్తే తాడు ఒకచోట నల్లబడి, గ్రీజు కారిపోయి, నడుమనున్న జనుము పోగు మాడిపోయి ఉంది. అంతమేర కోసేసి కొత్త తాడు వేసి అల్లడానికి వారం పట్టింది. సెలవులకు వచ్చినప్పుడు మాస్టారితో గొప్పగా చెప్పాను, రూలు ప్రకారం క్షణాల్లో ఆపేశామని. ఆయన రెండే ప్రశ్నలడిగారు. "ఆపకపోయి ఉంటే ఆ తాడు అంత మాడేదా?" అన్నారు ముందు. నేను ఆలోచిస్తుండగానే, "బకెట్లో ఇసుక బదులు మనుషులుంటే ఆపేవాడివా?" అన్నారు.

ఈ సాయంత్రం నేను చెప్పబోయేదంతా ఆ రెండు ప్రశ్నలకు ఆలస్యంగా రాస్తున్న జవాబు. మనుషుల్ని మోసే రోప్‌వేలు ఇప్పుడు నగరాల మీదుగా వెళ్తున్నాయి. వాటి విషయంలో అగ్ని భద్రత అంటే ముఖ్యంగా ఆర్పడం కాదు, ఆపడం అసలే కాదు. గాల్లో ఉన్న ఆఖరి మనిషిని స్టేషనుకు చేర్చడం. అలా చేర్చే శక్తి మంట లేచాక పుట్టుకురాదు. తాడు కట్టకముందే దాన్ని నేల మీద సంపాదించుకోవాలి. ఇదీ నా వాదం. మెట్టు మెట్టుగా చెబుతాను.

1. కొండ దిగి ఊళ్ళోకొచ్చిన తాడు

రోప్‌వే అంటే మనకు విశాఖలో కైలాసగిరి గుర్తొస్తుంది, శ్రీశైలంలో పాతాళగంగకు దిగడం గుర్తొస్తుంది. అది సరదా ప్రయాణం. ఎక్కకపోయినా రోజు గడుస్తుంది. 2004లో కొలంబియా దేశపు మెడెలిన్ నగరం దీన్ని తిరగరాసింది. బస్సు ఎక్కలేని ఏటవాలు బస్తీలకు రోప్‌వే వేసి, దాన్ని మెట్రో రైలుకు కలిపింది. 2014లో బొలీవియాలోని లాపాజ్ మొదలుపెట్టింది. ఇప్పుడు అక్కడ పది లైన్లు, ముప్పై కిలోమీటర్లకు పైగా. ఆఫీసుకు, బడికి, కూరగాయల సంతకు జనం గాల్లోనే వెళ్తారు. 2021లో మెక్సికో సిటీ, 2022లో ఫ్రాన్సులోని తులూజ్ ఆ వరసలో చేరాయి.

మన దేశంలో ఈ వరసకు తెరతీసింది కాశీ. మీలో గంగా పుష్కరాలకు వెళ్ళొచ్చినవాళ్ళు చాలామంది ఉంటారు. కంటోన్మెంటు స్టేషన్లో రైలు దిగి గోదౌలియా చౌరస్తా దాకా రిక్షాలో, ఆటోలో పడ్డ పాట్లు మర్చిపోయి ఉండరు. సరిగ్గా ఆ దారి మీదనే రోప్‌వే. 2023 మార్చిలో ప్రధాని శంకుస్థాపన చేశారు. పొడవు నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ, స్టేషన్లు ఐదు, పది మంది పట్టే కేబిన్లు, గంటకు ఒక్కో వైపు 3,000 మంది అని లక్ష్యం.

ఇక్కడ చిన్న లెక్క వేసుకుందాం. విద్యార్థులు నాతో పాటు వేయండి. గంటకు 3,000 మంది, కేబినుకు పది మంది. అంటే 300 కేబిన్లు, పన్నెండు సెకన్లకొకటి. తాడు సెకనుకు ఆరు మీటర్లు నడుస్తుందనుకుంటే కేబినుకీ కేబినుకీ మధ్య 72 మీటర్లు. ఒక కిలోమీటరు మేర రెండు వైపులా కలిపి సుమారు 28 కేబిన్లు. కిక్కిరిసిన వేళ 280 మంది. ఆ 280 మందీ ఒకే తాడును పట్టుకుని ఉన్నారు. ఏ కేబినులోనూ డ్రైవరు లేడు, కండక్టరు లేడు. తలుపు లోపల్నుంచి తెరుచుకోదు.

2. కాలడానికి ఏముంది?

కేబినులో ఇంజను లేదు, పెట్రోలు లేదు. తాడును లాగే మోటారు ఎక్కడో స్టేషనులో ఉంటుంది. "ఇక కాలడానికి ఏముందండీ?" అని చదువుకున్నవాళ్ళే నన్ను అడిగారు. ఆస్ట్రియాలోని కాప్రున్‌లోనూ అందరూ అలాగే అనుకున్నారు.

కాప్రున్‌ది గాల్లో వేలాడే రోప్‌వే కాదు. పట్టాల మీద నిలిచిన బండిని ఉక్కు తాడు కొండ మీదికి లాగుతుంది. దారిలో ఎక్కువ భాగం మూడు కిలోమీటర్లు దాటిన ఏటవాలు సొరంగం. 2000 నవంబరు 11 ఉదయం, మంచు ఆటలకు వెళ్తున్నవాళ్ళతో బండి కిక్కిరిసి ఉంది. బండి కింది కొసన, మనిషి లేని డ్రైవరు గదిలో ఒక ఫ్యాన్ హీటరు ఉంది. ఇళ్ళలో గది వెచ్చబరచుకోవడానికి వాడే రకం. హైడ్రాలిక్ నూనె కారి దానికి తగిలింది. మంట లేచింది. ఆ రోజు 155 మంది చనిపోయారు. వాళ్ళలో ముగ్గురు ఈ బండిలో లేరు, ఎక్కడో పై స్టేషనులో ఉన్నారు. పొగ వాళ్ళదాకా వెళ్ళింది. ఇద్దరు ఎదురుగా దిగుతున్న రెండో బండిలో ఉన్నారు. మంటలంటుకున్న బండి నుంచి ప్రాణాలతో బయటపడ్డది 12 మంది.

నేను చెప్పదలచుకున్నది ఇకమీద ఉంది. మంట హైడ్రాలిక్ గొట్టాలను కాల్చేసింది. నూనె ఒత్తిడి పడిపోయింది. ఒత్తిడి పడిపోతే బ్రేకులు వాటంతటవే పడాలన్నది ఆ బండి రూపకల్పన. భద్రత కోసమే అలా చేశారు. బ్రేకులు పడ్డాయి. బండి సొరంగంలో ఆగిపోయింది. యంత్రం తనకు నేర్పిన భద్రత తాను పాటించింది. ఆగకూడని చోట ఆగింది.

ఇక ఆ 12 మంది. సొరంగం ఏటవాలు కాబట్టి అది పొయ్యి మీది పొగగొట్టంలా పనిచేసింది. పొగా వేడీ పైకి ఎగబాకాయి. మంటకు భయపడి, మంటకు దూరంగా, పైకి పరుగెత్తినవాళ్ళను పొగ దారిలోనే అందుకుంది. బతికినవాళ్ళు కిటికీలు పగలగొట్టుకుని, మంట పక్కనుంచే కిందికి దిగినవాళ్ళు. వాళ్ళను అటు నడిపించింది అగ్నిమాపక పనిలో అనుభవమున్న ఒక ప్రయాణికుడు. మనిషికి పుట్టుకతో వచ్చిన భయం ఒక దారి చూపించింది, తెలివి రెండో దారి చూపించింది.

ఐరోపాలో ఆ తరవాత తాడు మీద నడిచే వాహనాల అగ్ని భద్రతకు విడిగా ప్రమాణం వచ్చింది, ఈఎన్ 17064 అని. ఈ ప్రమాణం వెనక 155 మంది ఉన్నారని విద్యార్థులు గుర్తుపెట్టుకోవాలి.

3. నిప్పు మూడు చోట్ల

నగరపు రోప్‌వేకు నిప్పు మూడు చోట్ల పుట్టొచ్చు. కేబినులో, స్టేషనులో, తాడు కింద.

కేబిను సంగతి త్వరగా చెప్పేస్తాను, ఎందుకంటే ఇది మనకు బాగా తెలిసిన దారి. మెట్రో పెట్టెల్లో వాడినట్టే మంటకు లొంగని సీట్లు, గోడలు, తీగలు వాడాలి. కిటికీకి యాక్రిలిక్ వాడితే నూరు డిగ్రీలు దాటగానే మెత్తబడుతుందని ముందే తెలిసి ఉండాలి. కొత్తగా వచ్చిన చిక్కు ప్రయాణికుడు వెంట తెచ్చే బ్యాటరీ. 2022 సెప్టెంబరులో సికింద్రాబాదులో ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూములో మంట లేచి, పొగ పైనున్న హోటలు గదులకు ఎక్కి, ఎనిమిది మంది చనిపోయారు. లిథియం బ్యాటరీ అంటుకుంటే ఆ పొగ ఎలా ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు. లండన్ రవాణా సంస్థ 2021 డిసెంబరులోనే ప్రయాణికులు ఎలక్ట్రిక్ స్కూటర్లు వెంట తేవడాన్ని నిషేధించింది. థేమ్స్ నది మీదుగా నడిచే కేబుల్ కారు కూడా ఆ సంస్థదే. కేబినులో నిప్పు పుడితే దగ్గరి స్టేషను రెండు మూడు నిమిషాల దూరం. ఆ రెండు మూడు నిమిషాలూ బతికించే గాలి, మాట వినిపించే ఇంటర్‌కం, ఆగకుండా నడిచే తాడు, ఈ మూడూ ఉంటే చాలు. చూశారా, ఇక్కడ కూడా చివరికి తాడు దగ్గరికే వచ్చాం.

4. హారతి మీద చెయ్యి

ఇప్పుడు తాడు కింద నిప్పు. మాస్టారి మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడుంది.

గుళ్ళో హారతి పళ్ళెం వస్తుంది. కర్పూరం మంట మీద చెయ్యి తిప్పి కళ్ళకద్దుకుంటాం. చెయ్యి కాలదు. ఆ చేతినే మంట మీద పది సెకన్లు ఉంచి చూడండి! వద్దు, చూడకండి. మంట అదే, చెయ్యి అదే. తేడా అంతా కదలికలో ఉంది.

రోప్‌వే తాడు మామూలు ఇనుప దూలం లాంటిది కాదు. చల్లగా ఉండగానే మళ్ళీ మళ్ళీ లాగి సన్నం చేసిన తీగలతో దాన్ని అల్లుతారు. ఆ లాగడంలోనే తీగకు బలం వస్తుంది. మూడు వందల డిగ్రీలు దాటాక ఆ బలం కరగడం మొదలవుతుంది. చల్లారాక తిరిగి రాదు. ఇనుప దూలానికి ఇంత ఇబ్బంది లేదు. అది చల్లబడ్డాక చాలావరకు కోలుకుంటుంది. తాడు నడుమ మా రోజుల్లో జనుము పోగుండేది, ఇప్పుడు ప్లాస్టిక్ ఉంటోంది. పాలీప్రొపిలీన్ అయితే నూట అరవై డిగ్రీల దగ్గర కరుగుతుంది. నడుమ దన్ను పోతే పైనున్న పోగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటాయి, తాడు లావు తగ్గుతుంది, కేబిను పట్టు సడలుతుంది.

కింద ఒక గోడౌన్ కాలుతోందనుకుందాం. తాడు మీద దాని వేడి తగిలేది ముప్పై మీటర్ల మేర అనుకుందాం. సెకనుకు ఆరు మీటర్ల వేగంతో నడిచే తాడులో ఏ ముక్కయినా ఆ వేడిలో ఉండేది ఐదు సెకన్లు. కేబిను కూడా అంతే. అదే లైను ఆపేస్తే ఆ ముప్పై మీటర్లూ ఆ వేడిలోనే మాడతాయి. 72 మీటర్లకొక కేబిను కాబట్టి, వాటిలో ఒకటి మంట పైన ఆగే అవకాశం తక్కువేమీ కాదు. మిట్టమధ్యాహ్నపు ఎండ చదరపు మీటరుకు సుమారు ఒక కిలోవాటు. దానికి రెండున్నర రెట్లు వేడి మంట నుంచి తగిలితే చర్మం కొద్ది నిమిషాలకు మించి ఓర్చుకోలేదని అగ్ని శాస్త్రం లెక్క. ఇక పొగ సంగతి సరేసరి.

మాస్టారి మొదటి ప్రశ్నకు జవాబు: లేదు మాస్టారూ, ఆపకపోయి ఉంటే ఆ తాడు అంత మాడేది కాదు.

అయితే ఈ హారతి లెక్కకు ఒక మినహాయింపు ఉంది. తులూజ్‌లో ఉన్నది మూడు తాళ్ళ పద్ధతి. రెండు లావుపాటి తాళ్ళు కదలకుండా పట్టాల్లా ఉంటాయి, మూడోది కేబిన్లను లాగుతుంది. కదలని తాడుకు కదలిక కాపలా లేదు. దాన్ని ఎత్తే కాపాడాలి. ఏ పద్ధతి ఎంచుకున్నామన్నదాన్ని బట్టి కింద ఏది ఉండొచ్చు, ఏది ఉండకూడదు అన్నది మారుతుంది. టెండరులో ధర మాత్రమే చూసేవాళ్ళకు ఈ ముక్క చెప్పాలి.

5. ఆగిన కేబినులో

"సరే, ఆపేసి నిచ్చెనలతో దింపేద్దాం" అంటారు. ఆగిన రోప్‌వే ఎలా ఉంటుందో లోకం చాలాసార్లు చూసింది. ఇప్పుడు చెప్పేవాటిలో దేనిలోనూ నిప్పు లేదు, గమనించండి.

న్యూయార్కులో రూజ్‌వెల్ట్ ద్వీపానికి వెళ్ళే ట్రామ్‌వే 2006 ఏప్రిల్లో కరెంటు దెబ్బకు ఆగింది. రెండు కేబిన్లలో 69 మంది. బదులు ఏర్పాటు కూడా అక్కరకు రాలేదు. ఆఖరి మనిషిని దింపేసరికి దాదాపు 11 గంటలు పట్టింది. జర్మనీలోని కొలోన్ నగరంలో 2017 జులైలో ఒక కేబిను టవరు దగ్గర ఇరుక్కుంది. రైన్ నది మీద వేలాడుతున్న అరవై మందికి పైగా ప్రయాణికుల్ని అగ్నిమాపక దళం గంటల తరబడి కష్టపడి దింపింది. మన జార్ఖండ్‌లో దేవ్‌ఘర్ దగ్గరి త్రికూట్ కొండ మీద 2022 ఏప్రిల్లో ఆగిన రోప్‌వే నుంచి జనాన్ని దింపడానికి వాయుసేన హెలికాప్టర్లు రావాల్సి వచ్చింది, నలభై గంటలు దాటింది. ముగ్గురు ప్రాణాలు పోయాయి. వాళ్ళలో కొందరు దింపేటప్పుడే జారిపడ్డారు.

న్యూయార్కూ కొలోనూ సాధన సంపత్తి ఉన్న నగరాలు. వాళ్ళకే గంటలు పట్టాయి. మంటకు గంటలు అక్కర్లేదు.

హైదరాబాదు ఫైర్ సర్వీసు దగ్గర యాభై మీటర్లు దాటి లేచే ప్లాట్‌ఫారం ఉంది. అది నిలబడాలంటే కింద విశాలమైన, గట్టి నేల కావాలి. గోదౌలియా సందుల్లో ఎద్దు అడ్డొస్తే మనిషే పక్కకు తప్పుకోలేడు.

అందుకే ఇప్పుడు నగరాల కోసం రోప్‌వేలు కట్టేవాళ్ళు మనిషిని తాడుతో కిందికి దింపడాన్ని ఆఖరి ఆశగా పెట్టుకుని, కేబిన్లన్నిటినీ స్టేషనుకు రప్పించడాన్నే అసలు పథకంగా పెట్టుకుంటున్నారు. ఒక మోటారు పోతే రెండోది, కరెంటు పోతే డీజిలు ఇంజను, గేరుబాక్సు పట్టేస్తే దాన్ని తప్పించి నేరుగా చక్రాన్ని తిప్పే ఏర్పాటు. ఎలా అయినా తాడు తిరగాలి.

ఇక్కడ మన అలవాటు ఒకటి అడ్డొస్తుంది. ఎక్కడ అగ్నిప్రమాదం జరిగినా ముందు చేసే పని ఆ ప్రాంతానికి కరెంటు తీసెయ్యడం. అది సరైన పనే. కానీ రోప్‌వే మోటారు కూడా అదే ఫీడరు మీద ఉందనుకోండి. కింద మనిషిని కాపాడటానికి తీసిన కరెంటు పైన 280 మందిని మంట మీద ఆపేస్తుంది. కాప్రున్ బ్రేకుల కథే, మనిషి చేత్తో. సబ్‌స్టేషన్ ఆపరేటరుకు ఈ సంగతి ఒక కాగితం మీద రాసి గోడకంటించి ఉందా? ప్రపంచంలోకెల్లా మంచి రోప్‌వే కొన్నా ఆ కాగితం దాంతో పాటు రాదు. అది మనమే రాసుకోవాలి.

6. కాలకూడని చోటు

ఇంతవరకు విన్న విద్యార్థి ఎవరైనా లేచి అడగాలి: "మంట స్టేషనులోనే లేస్తే? నడిపితే కేబిన్లు మంటలోకే వెళ్తాయి కదా?"

అడగాల్సిన ప్రశ్న. "వెనక్కి తిప్పుదాం" అన్నది వెంటనే తట్టే జవాబు. తప్పు జవాబు. తాడు ఒక గొలుసు. ఒక పక్క వెళ్తుంటే ఇంకో పక్క వస్తుంటుంది. మంటలంటుకున్న స్టేషను వైపు వస్తున్న పద్నాలుగు కేబిన్లను వెనక్కి తిప్పితే, అక్కణ్ణుంచి బయటపడి పోతున్న పద్నాలుగూ మంటలోకి వస్తాయి. గొలుసుకు వెనక్కి అన్నది లేదు.

కాబట్టి స్టేషను కాలకూడదు. లేదా కాలినా, ఆఖరి కేబిను వచ్చి వెళ్ళేదాకా ప్లాట్‌ఫారం పొగ లేకుండా నిలవాలి. ఎంతసేపు? అదీ లెక్కే. కిలోమీటరు దూరాన్ని సెకనుకు ఆరు మీటర్ల మీద మూడు నిమిషాల్లోపు ఖాళీ చేయొచ్చు. మోటారు పోయి, డీజిలు ఇంజను మీద సెకనుకు ఒక మీటరు చొప్పున ఈడ్చుకు రావాల్సి వస్తే పదిహేడు నిమిషాలు. స్టేషను గోడలు, తలుపులు, పొగ బయటికి తోసే ఫ్యాన్లు ఆ పదిహేడు నిమిషాలకు సరిపోవాలి, మీదు మిక్కిలి కొంత ఉండాలి. మామూలు భవనంలో జనం బయటికి పోవడానికి ఎంతసేపు పడుతుందో చూస్తాం. ఇక్కడ జనం లోపలికి వస్తుంటారు. రోప్‌వే స్టేషనును మామూలు భవనంలా లెక్కగట్టకూడదన్నది అందుకే.

మరి మన స్టేషన్ల బొమ్మలు చూడండి. కింద షాపులు, మధ్యలో ఫుడ్‌కోర్టు, పైన ప్లాట్‌ఫారం. అద్దెలు వస్తాయి, టిక్కెట్టు ధర తగ్గుతుంది, కాదనను. కానీ పొగ ఎటు పోతుందో మనకు కాప్రున్ చెప్పింది. వంటింటి గ్యాసు మీద ప్లాట్‌ఫారం కడితే పొగగొట్టం మీద కూర్చున్నట్టే. డీజిలు ట్యాంకు, హైడ్రాలిక్ నూనె, ట్రాన్స్‌ఫార్మరు వేటి గది వాటికి ఉండాలి, ఆ గదులకు ప్లాట్‌ఫారంతో తలుపు కలవకూడదు.

7. నేల ఎవరిది?

ఇక అన్నిటికన్నా కష్టమైన మెట్టు. ఇది యంత్రాలది కాదు, మనుషులది.

రోప్‌వే సంస్థకు స్టేషన్లు సొంతం, టవర్ల కింది గజాలు సొంతం. తాడు కింద ఉన్న నేల సొంతం కాదు. అక్కడ ఇళ్ళున్నాయి, మిఠాయి కొట్లున్నాయి, వాటి వెనక పెద్ద పెద్ద బాణళ్ళున్నాయి, చీరల గోడౌన్లున్నాయి, దీపావళికి టపాకాయల కొట్లు లేస్తాయి, పెళ్ళికి షామియానాలు పడతాయి. 2025 మే నెలలో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌజ్‌లో ఒక పాత ఇల్లు కాలి 17 మంది పోయారు. కింద నగల కొట్లు, పైన కుటుంబాలు, లోపలికీ బయటికీ ఇరుకు దారి. మన పాత బస్తీలన్నీ అలాంటివే. రోప్‌వే అవసరం కూడా అలాంటి చోటే ఎక్కువ, ఎందుకంటే రోడ్డు వెడల్పు చేయలేం. అంటే రోప్‌వే ఎక్కడ ఎక్కువ అక్కరకొస్తుందో అక్కడే దాని కింద నిప్పు ప్రమాదం ఎక్కువ. ఈ చిక్కుముడిని దాటవేసి ఏ పథకమూ నిలవదు.

నేల కుదురుగా కూడా ఉండదు. తులూజ్ రోప్‌వేకు ఒక కొస ఆంకోపోల్ అనే క్యాన్సర్ ఆసుపత్రుల సముదాయం దగ్గర ఉంది. ఒకప్పుడు అక్కడ ఉన్నది ఏజెడ్ఎఫ్ ఎరువుల కర్మాగారం. 2001 సెప్టెంబరు 21న అది పేలి 31 మంది చనిపోయారు. విషం పోయి వైద్యం వచ్చిన నేల అది. మన ఊళ్ళల్లో నేల అటునుంచి ఇటు కూడా మారుతుంది. అనుమతి ఇచ్చిన రోజు డాబా ఇల్లు, పదేళ్ళకు దాని మీద రెండంతస్తులు, కింద అద్దెకు థర్మోకోల్ గోడౌన్. తాడు ఎత్తు మారలేదు. మంటకూ తాడుకూ ఉన్న దూరం మాత్రం ఏడు మీటర్లు తగ్గింది. ఎవరూ తప్పు చేసినట్టు కనపడదు.

భవనానికి ఫైర్ ఎన్ఓసీ ఇస్తాం. ఆ భవనం మీదుగా తాడు పోతోందన్న సంగతి ఆ ఫైలులో ఉంటుందా? మునిసిపాలిటీలో ప్లాను పాసు చేసే గుమాస్తా బల్ల మీద రోప్‌వే దారి గీసిన పటం ఉంటుందా? నేను పనిచేసిన చోట్ల ఇలాంటి పటం ఒక బీరువాలో ఉండేది. బీరువా తాళం బదిలీ మీద వెళ్ళిపోయిన వాళ్ళ దగ్గర ఉండేది.

చేయాల్సింది కష్టమేమీ కాదు, విసుగు పుట్టించే పని, అంతే. తాడుకు రెండు పక్కలా కొంత మేర ఒక పట్టీ గీయాలి. ఆ పట్టీలో ఏది ఎంత ఎత్తు కట్టొచ్చు, ఏ సరుకు నిల్వ చేయొచ్చు అన్నది రాయాలి. ఏటా, వేసవికి ముందు, ఫైర్ సర్వీసు మనిషి, రోప్‌వే మనిషి, మునిసిపాలిటీ మనిషి ముగ్గురూ కలిసి ఆ పట్టీ పొడవునా నడవాలి. కారులో కాదు, కాళ్ళతో. గోడౌను ఖాళీ చేయించాల్సి వస్తే బతుకుతెరువు పోయేవాడికి బదులు చోటు చూపించాలి. ఆ ఖర్చు రోప్‌వే ఖర్చులో భాగం. అది వేసుకోకుండా "మెట్రో కన్నా చవక" అని చెప్పుకోవడం సగం లెక్క.

8. గదిలో ఒక్కడు

ఇన్ని చేశాక చివరికి కంట్రోల్ రూములో ఒకడు కూర్చుని ఉంటాడు. ఇరవై అయిదేళ్ళ కుర్రాడు కావచ్చు. తెర మీద పొగ కనిపిస్తుంది. ఎదురుగా పెద్ద ఎర్ర బటను. మనం చిన్నప్పటి నుంచి నేర్పిందల్లా ప్రమాదమొస్తే ఎర్ర బటను నొక్కమనే. వాడి చెయ్యి దాని మీదికే వెళ్తుంది. నా చెయ్యీ ఆ రోజు దాని మీదికే వెళ్ళింది.

వాడిని ఆ క్షణంలో ఆలోచించమనడం అన్యాయం. ఆలోచన ముందే అయిపోయి ఉండాలి. మంట ఫలానా రెండు టవర్ల మధ్య ఉంటే ఏం చేయాలి, గాలి ఫలానా వైపు వీస్తుంటే ఏం చేయాలి, స్టేషనులో ఉంటే ఏం చేయాలి అని ఒక పేజీకి మించకుండా రాసి ఉండాలి. ఎక్కించుకోవడం వెంటనే ఆపాలి, తాడును ఆపకూడదు అన్నది మొదటి వాక్యం కావాలి. ఫైర్ కంట్రోల్ రూముకు, సబ్‌స్టేషనుకు నేరుగా ఫోను ఉండాలి. ఏడాదికి రెండుసార్లయినా, ఒకసారి రాత్రిపూట, నిజంగా కరెంటు తీసేసి, డీజిలు మీద లైను ఖాళీ చేసి ఎన్ని నిమిషాలు పట్టిందో రాసుకోవాలి. ఆ నిమిషాలు స్టేషను గోడలు ఓర్చే నిమిషాల కన్నా తక్కువున్నాయో లేదో చూసుకోవాలి. ఎక్కువుంటే మర్నాడు లైను నడపకూడదు. మంట తగ్గాక, తాడు పైకి బాగున్నా సరే, లోపల తీగలు ఎలా ఉన్నాయో అయస్కాంత పరీక్షలో తేలేదాకా మనుషుల్ని ఎక్కించకూడదు.

లైను నడుపుతూ ఉండాలని ఇంతసేపు చెప్పి, చివర్లో ఆపమంటున్నానేమిటి అనుకోకండి. తాడు మీద ఎవరూ లేనప్పుడే ఆపే హక్కు మనకుంది. మాస్టారు ఆ రోజు నాకు చెప్పకుండా వదిలేసిన మాట ఇదేనని ఇప్పుడనిపిస్తోంది. ఆపడం తప్పని ఆయన అనలేదు. ఎవరు పైన ఉంటే ఆపుతావు అని అడిగారు.

విద్యార్థులకు ఒక చిన్న పని అప్పగించి ముగిస్తాను. వచ్చే ఆదివారం మీలో కొందరు కైలాసగిరి వెళ్తారు. కేబిను కదలగానే అందరి తలలూ సముద్రం వైపు తిరుగుతాయి. మీలో ఒక్కరు మాత్రం కిందికి చూడండి. ఎండుగడ్డి ఎక్కడుంది, దారి ఎక్కడుంది, ఫైరింజను ఎందాకా రాగలదు, ఇక్కడ ఆగితే ఏమవుతుంది అని లెక్కపెట్టుకుంటూ స్టేషను దాకా వెళ్ళండి. దిగాక ఆ లెక్క ఒక కాగితం మీద రాసి నాకు పంపండి. వచ్చే ఏడాది ఈ వేదిక మీద మాట్లాడేవాళ్ళకు ఇస్తాను.